"ఆ గీత ముందే ఉందండీ": టోయింగ్‌లో బండి పాడైతే అసలు గొడవ ఎక్కడుంది

టోయింగ్ వాళ్లు బండిని దింపాక బంపర్ ఊడి వేలాడుతోందనో డోర్ కింద సొట్ట పడిందనో చూపిస్తే, వాళ్ల నోటి నుంచి వచ్చే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే, "అది ముందే ఉందండీ". మొత్తం వ్యవహారం ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. చట్టం, ఇన్సూరెన్స్, మెకానిక్ రిపోర్టు, ఫొటోలు, అన్నీ చివరికి ఈ మాటకి జవాబు చెప్పడానికే. చాలామంది కంప్లయింట్‌లో డ్రైవర్ ఎంత పొగరుగా మాట్లాడాడో, ఆఫీసులో ఫోన్ ఎన్నిసార్లు ఎత్తలేదో పేజీలకి పేజీలు రాస్తారు గానీ, బండి వాళ్ల చేతికి వెళ్లేముందు ఎలా ఉందో చూపించే ఆధారం ఒక్కటీ పెట్టరు. అక్కడే కేసు సగం పోతుంది.

ముందు చట్టం సంగతి చూద్దాం, ఎందుకంటే ఇక్కడ ఓనర్‌కి అనుకూలమైన పాయింట్ ఒకటుంది, చాలామందికి అది తెలీదు. మన వస్తువుని వేరేవాళ్ల చేతికి అప్పగించి, పని అయ్యాక తిరిగి తీసుకునే ఏర్పాటుని ఇంగ్లిష్ లా నుంచి చట్టాలు తెచ్చుకున్న దేశాల్లో బెయిల్‌మెంట్ అంటారు. మామూలు నష్టపరిహారం కేసులో అవతలివాడి తప్పుని నిరూపించాల్సిన బరువు అడిగేవాడి మీదే ఉంటుంది. బెయిల్‌మెంట్‌లో అలా కాదు. బండి బాగున్నప్పుడు వాళ్ల చేతికి వెళ్లింది, పాడై తిరిగొచ్చింది, ఈ రెండూ చూపిస్తే మీ వంతు చాలావరకు అయిపోయినట్టే, మధ్యలో ఏం జరిగిందో, తాము జాగ్రత్తగానే ఉన్నామని ఎలా అంటున్నారో చెప్పుకోవాల్సింది వాళ్లు. న్యాయమే కదా, దారిలో ఏం జరిగిందో వాళ్లకే తెలుసు, మీరు అక్కడ లేరు. అందుకే "ముందే ఉంది" అనే మాట వాళ్లకి అంత అవసరం. అది నిలబడిందంటే బండి బాగున్నప్పుడు ఇచ్చానన్న మీ మొదటి ముక్క ఎగిరిపోతుంది, ఇక వాళ్లు వివరణ ఇచ్చుకోవాల్సిన పనే ఉండదు.

ఇంకో వాదన కూడా వినిపిస్తుంటుంది, "ఫ్రీగా లాక్కొచ్చాం కదా, మళ్లీ డబ్బులు అడుగుతారేంటి" అని. దీనికి జవాబు 300 ఏళ్ల కిందటే దొరికింది. 1703లో ఇంగ్లండ్‌లో కాగ్స్ వర్సెస్ బెర్నార్డ్ అని ఒక కేసు, ఒకాయన బ్రాందీ పీపాలని ఒక సెల్లార్ నుంచి ఇంకో సెల్లార్‌కి ఊరికే మార్చిపెడతానని ఒప్పుకున్నాడు, దించేటప్పుడు అజాగ్రత్త వల్ల పీపా పగిలి సరుకు నేలపాలైంది. పైసా తీసుకోకపోయినా సరే, పని నెత్తికెత్తుకున్నాక అజాగ్రత్తకి బాధ్యత నీదే అని కోర్టు తేల్చేసింది, చీఫ్ జస్టిస్ జాన్ హోల్ట్ ఆ తీర్పులోనే బెయిల్‌మెంట్‌ని ఆరు రకాలుగా విడగొట్టి చెప్పాడు. పైగా రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ప్లాన్‌లో వచ్చే టోయింగ్ అసలు ఫ్రీ ఏం కాదు, ప్రీమియంలోనో మెంబర్‌షిప్‌లోనో దాని డబ్బు ముందే కట్టేసి ఉంటారు.

ఇప్పుడు, బండి వాళ్ల చేతికి ఎలా వెళ్లిందన్నది చాలా ముఖ్యం, ఎవరిని పట్టుకోవాలో దాన్ని బట్టే తేలుతుంది. మీరే ఫోన్ చేసి పిలిపించుకుంటే సింపుల్, మీకూ ఆ కంపెనీకీ నేరుగా ఒప్పందం ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీయో కార్ కంపెనీ హెల్ప్‌లైనో పంపితే మాత్రం తలనొప్పి, ఎందుకంటే హెల్ప్‌లైన్ వాళ్లు ఒక కాంట్రాక్టర్‌కి చెప్తారు, ఆ కాంట్రాక్టర్ దగ్గర్లో ఖాళీగా ఉన్న ఇంకో ట్రక్‌వాడికి పని ఇస్తాడు, డ్యామేజ్ అనగానే ముగ్గురూ ఒకరి వైపు ఒకరు వేలు చూపిస్తారు. అప్పుడు ఎవరిది బాధ్యత అని మీరు తేల్చుకుంటూ కూర్చోవద్దు. ముగ్గురికీ ఒకే లెటర్, ఒకే రోజు, ఒకరికి పంపినట్టు మిగతా ఇద్దరికీ తెలిసేలా పంపండి, వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు.

బిల్డింగ్ వాళ్లో షాపు వాళ్లో "ఇక్కడ పార్క్ చేశారు" అని ఎత్తించేస్తే మీకూ టోయింగ్ కంపెనీకీ ఒప్పందం ఏమీ లేదు, అయినా పరాయి వస్తువుని తమ స్వాధీనంలోకి తీసుకున్నాక దాన్ని జాగ్రత్తగా చూసే బాధ్యత వాళ్లకి ఉంటుంది. ఇక్కడ జనం చేసే పొరపాటు ఏంటంటే రెండు గొడవల్ని కలిపేయడం. అసలు ఎత్తడమే అన్యాయం అన్నది ఒక గొడవ, ఎత్తేటప్పుడు పాడుచేశారన్నది ఇంకో గొడవ. నో పార్కింగ్‌లో పెట్టిన తప్పు నూటికి నూరుపాళ్లు మీదే అయినా సొట్ట తప్పు మీది కాదు, తప్పుగా పార్క్ చేసినందుకు శిక్ష జరిమానా, బంపర్ విరగ్గొట్టడం ఏ చట్టంలోనూ శిక్ష కాదు. రెండూ ఒకే లెటర్‌లో కలిపి రాస్తే చదివేవాడు పార్కింగ్ దగ్గరే ఆగిపోయి సొట్ట సంగతి వదిలేస్తాడు. ఇక పోలీసులో మున్సిపాలిటీవాళ్లో ఎత్తించిన కేసైతే ఒకటే గుర్తుపెట్టుకోండి, ప్రభుత్వ శాఖల మీద క్లెయిమ్‌కి చాలా చోట్ల ముందస్తు నోటీసు రూల్ ఉంటుంది, దాని గడువు మామూలు సివిల్ కేసు గడువు కంటే బాగా చిన్నదిగా ఉండొచ్చు. అది దాటితే ఎంత బలమైన కేసైనా లోపలికి రానివ్వరు.

సరే, అసలు టోయింగ్‌లో బండి ఎలా పాడవుతుంది? ఇది తెలిస్తేనే "మా వల్ల కాదు" అన్నప్పుడు ఎక్కడ చూపించాలో తెలుస్తుంది. టో ట్రక్ పుట్టిందే జనం చేతులతో బండి లాగి లాగి విసిగిపోయి, 1916లో అమెరికాలో చాటనూగా ఊళ్లో ఎర్నెస్ట్ హోమ్స్ అనే గ్యారేజీ ఆయన వాగులో పడ్డ కారుని తాళ్లతో, మనుషుల బలంతో పైకి లాగేసరికి తలప్రాణం తోకకొచ్చాక దీనికో మెషిన్ ఉండాలనుకున్నాడు. అప్పటి కార్లకి కింద బరువైన ఇనప చట్రం, ముందు గట్టి స్టీలు బంపర్, కొక్కెం వేసి గొలుసుతో వేలాడదీసినా తట్టుకునేవి. ఇప్పటి కార్లలో బయటికి కనపడే బంపర్ ప్లాస్టిక్ తొడుగు, దాని వెనకే రేడియేటర్, సెన్సర్లు, ఫాగ్ లైట్లు. అక్కడ గొలుసు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే ఇప్పుడు చక్రాల్ని పట్టి లేపే వీల్ లిఫ్ట్, మొత్తం బండిని పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ ఎక్కువ వాడుతున్నారు.

కంటికి కనిపించే డ్యామేజ్ గురించి ఎక్కువ చెప్పను, రిమ్ మీద గీతలు, బంపర్ కింది పెదవి చిరగడం, ఫ్లాట్‌బెడ్ వాలుగా ఉన్నప్పుడు ఎత్తు తక్కువ ఉన్న కారు ముక్కు గీరుకోవడం, డోర్ సందులో రేకు దూర్చి లాక్ తీసేటప్పుడు రబ్బరు చినిగి లోపలి వైరింగ్ తెగడం. టూవీలర్ల సంగతైతే మరీ ఘోరం, గుంపుగా ఎత్తి ట్రక్‌లో ఒకదానికొకటి ఆనించేస్తారు, అద్దాలు, క్లచ్ లివర్, ఇండికేటర్లు ముందు పోతాయి, హ్యాండిల్ లాక్ వేసి ఉన్న బండిని బలవంతంగా తిప్పితే లాక్ దగ్గరే విరుగుతుంది.

అసలు భయపడాల్సింది కనిపించనివాటి గురించి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్‌ని తిప్పే పంపు చాలావరకు ఇంజిన్‌తోనే నడుస్తుంది, ఇంజిన్ ఆఫ్ చేసి డ్రైవ్ చక్రాలు, అంటే ఇంజిన్ బలం అందే చక్రాలు, నేల మీద తిరిగేలా లాక్కెళ్తే లోపల భాగాలు తిరుగుతూనే ఉంటాయి గానీ ఆయిల్ అందదు, కాసేపు నెమ్మదిగా అయితే బతికిపోవచ్చు, దూరం లాగితే లోపల కాలిపోతుంది. బయట ఒక్క గీత ఉండదు, బండి స్టార్ట్ కూడా అవుతుంది, కొన్నాళ్లకి గేరు పడేటప్పుడు జర్క్, ఆ తర్వాత రిపేరు బిల్లు. గేరు పార్క్‌లో ఉండగానే ఈడ్చేస్తే ఇంకో రకం, పార్క్‌లో చక్రాలని ఆపేది లోపల పళ్ల చక్రం సందులో పడే చిన్న ఇనప నాలుక మాత్రమే, అది విరగొచ్చు. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారైతే ముందు చక్రాలు లేపాలి, రియర్ వీల్ డ్రైవ్ అయితే వెనకవి, ఆల్ వీల్ డ్రైవ్ అయితే నాలుగూ నేలకి తగలకూడదు, ఫ్లాట్‌బెడ్డో లేదా మిగిలిన చక్రాల కింద డాలీలో (చిన్న చక్రాల బళ్లు) తప్పనిసరి. ఇక ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి మోటార్‌లో పర్మనెంట్ మాగ్నెట్లు ఉంటాయి, చక్రం తిరిగితే మోటార్ తిరుగుతుంది, మోటార్ తిరిగితే కరెంటు పుడుతుంది, ఆఫ్ చేసి ఉన్నా సరే, ఆ కరెంటు ఎక్కడికి పోవాలో తెలీక వేడెక్కి ఎలక్ట్రానిక్స్ పోవచ్చు. టెస్లా లాంటి కంపెనీలు నాలుగు చక్రాలూ నేలకి పైనే ఉండాలని మాన్యువల్‌లోనే రాసిపెట్టాయి.

ఆ మాన్యువల్ పేజీ మీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం. ప్రతి కారు మాన్యువల్‌లోనూ టోయింగ్ గురించి ఒక భాగం ఉంటుంది, ఏ చక్రాలు లేపాలి, కొక్కెం ఎక్కడ తగిలించాలి, ఎంత స్పీడు, ఎంత దూరం అన్నది రాసి ఉంటుంది. జాగ్రత్తగా చేశాం అన్నవాడిని "మీరు ఎత్తిన పద్ధతి ఈ పేజీలో వద్దన్నదే" అని అడిగితే ఇక ఎవరి మెకానిక్ గొప్పోడన్న వాదన అక్కర్లేదు. ట్రక్ మీద బండి ఎలా ఉందో ఒక్క ఫొటో ఉంటే చాలు. కొక్కెం సంగతి కూడా అంతే, లాగడానికి కారుకి ప్రత్యేకంగా కొక్కెం తగిలించే ఒక ఇనప రింగు ఉంటుంది, చాలా కార్లలో టూల్ కిట్‌లో ఉండే దాన్ని బంపర్‌లో చిన్న మూత తీసి బిగించాలి, అది వెతికే ఓపిక లేక కింద సస్పెన్షన్ ఆర్మ్‌కి (చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ) వేసి వించ్‌తో, అంటే తాడు చుట్టుకునే మెషిన్‌తో, లాగేస్తే అది వంగి అలైన్‌మెంట్ పోతుంది. తర్వాత స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంటే ఓనర్ రోడ్డు గుంతల్ని తిట్టుకుంటాడు.

"వాహనం ఓనర్ రిస్క్ మీదే, మాకు బాధ్యత లేదు" అని రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది కదా, దాని సంగతేంటి? అది చూడగానే చాలామంది ఇక ఏమీ చేయలేమని ఊరుకుంటారు, కంపెనీకి కావాల్సిందీ అదే. కానీ ఒప్పందం అయిపోయాక చేతిలో పెట్టిన షరతు ఒప్పందంలో భాగం కాదన్నది పాత సూత్రమే. 1971లో ఇంగ్లండ్‌లో షూ లేన్ పార్కింగ్ కేసులో మెషిన్ నుంచి టికెట్ బయటికొచ్చేసరికే ఒప్పందం కుదిరిపోయింది, లోపల అంటించిన షరతులు ఆ తర్వాత వచ్చినవి, చెల్లవు అన్నారు. బండి ట్రక్ ఎక్కాక, కొన్నిసార్లు దించాక ఇచ్చే రసీదుకి కూడా ఇదే ప్రశ్న వేయొచ్చు. ముందే సంతకం పెట్టించుకున్నా సరే, తన అజాగ్రత్తకి కూడా తను బాధ్యుణ్ణి కానని ఒక వ్యాపారి రాసుకుంటే చాలా దేశాల చట్టాలు అది సమంజసమా కాదా అని చూస్తాయి, ఇంగ్లండ్‌లో 1977లోనే దీనికి విడిగా చట్టం వచ్చింది. అలాగని ప్రతి షరతూ చెల్లదని కాదు, చదవకుండా భయపడొద్దని మాత్రం చెప్తున్నా.

ఇప్పుడు, ఎత్తుకెళ్లిన బండ్లు ఉంచే యార్డ్ దగ్గర బండి తీసుకోవడానికి నిలబడిన ఆ పది నిమిషాలు. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఖరీదైన పది నిమిషాలు ఇవే. వాళ్లు డబ్బు కట్టందే బండి ఇవ్వరు, చాలా చోట్ల చట్టం ప్రకారం ఆపుకునే హక్కు కూడా ఉంటుంది, రోజురోజుకీ స్టోరేజ్ చార్జీ పెరుగుతుంది. పంతం పట్టి బండి అక్కడే వదిలేస్తే తర్వాత ఆ చార్జీ మీ మీదే పడొచ్చు, ఎందుకంటే నష్టం పెరగకుండా చూసుకోవాల్సిన బాధ్యత నష్టపోయినవాడికి కూడా ఉంటుంది. కాబట్టి కట్టేయండి, కానీ రసీదు మీద "అభ్యంతరంతో కడుతున్నాను, బండికి డ్యామేజ్ ఉంది" అని రాసి ఆ కాగితాన్ని ఫొటో తీసుకోండి. రాయనివ్వకపోతే అక్కడ నిలబడే వాళ్ల నంబర్‌కి మెసేజ్ పెట్టండి, టైమ్ దానంతట అదే పడుతుంది. ఇంకోటి, "బండి మంచి కండిషన్‌లో అందింది" అని ముందే అచ్చేసిన కాగితం ముందుకు తోస్తారు, సంతకం పెట్టు, గేటు తీస్తా అంటారు. చీకటిగా ఉందా, బండి బురదగా ఉందా, కింద చూసే వీల్లేదా, అదే ఆ లైన్ పక్కన రాసి సంతకం పెట్టండి. తర్వాత ఇంటికెళ్లాక చూసుకుందాంలే అనుకుంటే, గేటు దాటాక కనిపించిన ప్రతి గీతకీ "అది మీరు బయట చేసుకున్నది" అనే కొత్త మాట పుడుతుంది.

ఫొటోల గురించి అందరూ చెప్తారు, అందుకని జనం చెప్పనివి మాత్రం చెప్తా. దెబ్బని మాత్రమే దగ్గరగా తీసిన ఫొటో దాదాపు పనికిరాదు, అది ఏ కారుదో తెలీదు, కాస్త దూరం నుంచి నంబర్ ప్లేట్, దెబ్బ, వీలైతే వెనక టో ట్రక్ కూడా కనిపించేలా ఒకటి, అక్కడి నుంచి దగ్గరికెళ్తూ ఇంకోటి. బాగున్న వైపు కూడా తీయండి, మీటర్ రీడింగ్ తీయండి. ఫోన్‌లో ఉన్న ఒరిజినల్ ఫైల్ డిలీట్ చేయకండి, వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోయి తీసిన టైమ్, చోటు వివరాలు పోతాయి. బండి బాగున్నప్పటి ఫొటో లేదే అనుకుంటున్నారా, వెతకండి, ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి తీసినవి, సర్వీస్ సెంటర్ జాబ్ కార్డు, కారు పక్కన నిలబడి దిగిన ఫొటో, అన్నీ ఆధారాలే. బండి ఎత్తిన చోట ఉన్న షాపు సీసీటీవీ అన్నిటికంటే విలువైనది, కానీ ఆ రికార్డింగ్ కొన్ని రోజుల్లో దానంతట అదే చెరిగిపోతుంది, అందుకని ముందు అక్కడికే వెళ్లాలి, మెకానిక్ దగ్గరికి తర్వాత. టోయింగ్ కంపెనీకి కూడా వాళ్ల ట్రక్ కెమెరా, ఎత్తేముందు డ్రైవర్ తీసిన ఫొటోలు, జీపీఎస్ రికార్డు దాచి ఉంచమని రాతపూర్వకంగా అడగండి, తర్వాత "లేవు" అంటే ఎందుకు లేవో వాళ్లే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

దెబ్బ కూడా మాట్లాడుతుంది. రేకు దాకా దిగిన కొత్త గీత మెరుస్తుంటుంది, పాతదైతే తుప్పు, మట్టి పట్టి ఉంటుంది. ట్రక్ రంగు మీ బంపర్‌కి అంటుకుని ఉందా, గీత ఎత్తు ట్రక్ ఆర్మ్ ఎత్తుతో కలుస్తుందా చూడండి. హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండగా ఈడ్చిన టైరు ఒక్కచోటే చదునుగా అరిగిపోతుంది, అది రోడ్డు మీద మామూలుగా తిరిగి అరిగిన టైరులా ఉండదు. మెకానిక్ దగ్గర రిపోర్టు తీసుకునేటప్పుడు పార్టుల లిస్టు, రేట్లు మాత్రమే ఇచ్చి పంపేస్తారు, కారణం కూడా రాయమని అడగండి, "ఈ రకం డ్యామేజ్ సాధారణంగా ఫలానా విధంగా లాగితే వస్తుంది" అన్న ఒక్క వాక్యం పది పేజీల ఎస్టిమేట్ కంటే బరువైనది. టోయింగ్ వాళ్లకి చూసుకునే అవకాశం ఇవ్వకముందే రిపేరు చేయించేయొద్దు, బండి లేకపోతే గడవదనుకుంటే చేయించండి గానీ తీసేసిన పార్టులు పారేయనివ్వకండి.

ఎంత అడగొచ్చు అంటే, రిపేరు ఖర్చు, రిపేరు బండి విలువని మించిపోతే డ్యామేజ్‌కి ముందున్న మార్కెట్ విలువ, షెడ్‌లో ఉన్నన్ని రోజులు అద్దె బండికో క్యాబ్‌కో అయిన ఖర్చు, తనిఖీ రిపోర్టు ఫీజు. కొన్ని చోట్ల రిపేరైనా రీసేల్ విలువ తగ్గినందుకు కూడా ఇస్తారు. సగం అరిగిన టైరు బదులు కొత్తది వేయిస్తే పూర్తి రేటు రాదు, అరుగుదల తగ్గిస్తారు, అది అన్యాయమని గొడవపడి టైమ్ వేస్ట్ చేసుకోవద్దు.

సొంత ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ వేయడం తేలిక దారి, వాళ్లు మీకు కట్టేసి మీ తరఫున టోయింగ్ కంపెనీని పట్టుకుంటారు. కానీ మీ వాటా కట్టాలి, నో క్లెయిమ్ బోనస్ పోవచ్చు, గేర్‌బాక్స్ లాంటివైతే మెకానికల్ బ్రేక్‌డౌన్ కింద తోసేసే ప్రయత్నం జరగొచ్చు, కాబట్టి చిన్న దెబ్బకి లెక్క వేసుకోండి. టోయింగ్ కంపెనీకి విడిగా ఇన్సూరెన్స్ ఉందేమో అడగండి, ఆ పాలసీ వివరాలు అడిగిన రోజు నుంచి ఫోన్ ఎత్తే పద్ధతే మారిపోతుంది.

అన్నిసార్లూ వాళ్లదే తప్పు అనను. గుంతలో తలకిందులుగా పడ్డ బండిని బయటికి తీయడం వేరు, రోడ్డు పక్కన ఆగిన బండిని మోసుకెళ్లడం వేరు. మొదటిదాంట్లో ఎంత జాగ్రత్తపడ్డా ఏదో ఒకటి వంగుతుంది, బ్యాటరీ చచ్చిపోయి గేరు న్యూట్రల్‌కి రాని బండిని ట్రాఫిక్ మధ్య నుంచి పక్కకి ఈడ్చక తప్పదు. డ్రైవర్ ముందే "ఇలా లాగితే ఇది పోవచ్చు సార్, సరేనా" అని చెప్పి మీరు సరే అంటే అది మీరు ఒప్పుకున్న రిస్క్. చట్టం అడిగేది ఆ పరిస్థితిలో ఆ పని తెలిసినవాడు తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకున్నాడా అనే, ఏమీ కాకుండా తేవాలని కాదు.

లెటర్ పొట్టిగా ఉండాలి. ఎప్పుడు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ట్రక్ నంబర్, ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది, ఎంత కావాలి, ఏ తేదీలోపు, జత చేసినవి ఇవి, అంతే. మనసులో కోపం అంతా విడిగా ఇంకో కాగితం మీద రాసి చించేయండి. జవాబు రాకపోతే వినియోగదారుల ఫోరమో, లాయర్ లేకుండా వెళ్లగలిగే చిన్న క్లెయిముల కోర్టో, మీరున్న చోట ఏది ఉంటే అది. చాలా కేసులు అక్కడిదాకా వెళ్లకుండానే ఒక రోజు వాళ్లే ఫోన్ చేసి "బంపర్ డబ్బులు ఇచ్చేస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి" అంటారు. ఆ కాగితంలో "ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న లైన్ ఉంటుంది, దాని మీద సంతకం పడితే ఆ తర్వాత బయటపడే గేర్‌బాక్స్ సమస్యకి మీకేమీ రాదు, మీ ఇన్సూరెన్స్ కంపెనీకి టోయింగ్ వాళ్ల దగ్గర వసూలు చేసుకునే హక్కూ పోతుంది, అప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు కూడా మీకు చేతులెత్తేస్తారు. కాబట్టి బండిని లిఫ్ట్ మీద ఎక్కించి కింద చూపించి, గేర్ ఆయిల్ తీయించి కాలిన వాసన గానీ ఇనప రజను గానీ ఉందేమో చూసి, అలైన్‌మెంట్ ప్రింట్ తీసుకున్నాకే పెన్ను తీయండి, లేదంటే ఆ లైన్‌ని "బంపర్ డ్యామేజ్ వరకు మాత్రమే" అని మార్పించండి.